ఇరవై అయిదు దాటిన కొలతలు

2023 సెప్టెంబర్ 4, సోమవారం

పొద్దున తొమ్మిదిన్నరకు నా పాత విద్యార్థి రస్బాన్ వచ్చాడు. చేతిలో నేను జులై 27న చేసిచ్చిన షాఫ్ట్. మా షెడ్డు గడప దాటిన షాఫ్ట్ తిరిగి వెనక్కి రావడం ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఇదే మొదలు.

"బు గురూ, వల లాగే వించ్‌లో బిగిద్దామని చూస్తే బేరింగ్ చేత్తో తోస్తేనే ఎక్కేసింది. మీరేమో సుత్తితో నాలుగు దెబ్బలు పడితే గాని ఎక్కకూడదని చెప్పేవారు."

"చెప్పాను. నీ బుర్రకి ఎక్కలేదు. అందుకే ప్రాక్టికల్స్‌లో ఫెయిల్ చేశాను."

"ఆ ముచ్చట ముప్ఫై నాలుగేళ్ళ నాటిది. ఊళ్ళో సగం పడవల మీద ఇప్పుడు నా వించ్‌లే ఉన్నాయి."

"షాఫ్ట్‌లు నావి కాబట్టి."

నవ్వాడు గాని షాఫ్ట్ మాత్రం బల్ల మీద పెట్టాడు. పెద్ద మైక్రోమీటర్ తీసి, అతని ఎదుటే బేరింగ్ కూర్చునే చోటు కొలిచాను. 40.01. అతని చేతికిచ్చాను. అతనూ 40.01 అన్నాడు. నలభై మిల్లీమీటర్ల బేరింగ్‌కి ఉండవలసిన కొలత అదే, ఒక నూరోవంతు ఎక్కువ. అప్పుడు బేరింగ్ లోపలి రంధ్రానికి సాగే గేజి పెట్టి, ఆ గేజిని అదే మైక్రోమీటర్‌తో కొలిచాను. 40.02.

"బేరింగ్ నకిలీది," అన్నాను. "కొన్న కొట్టువాడి మొహాన కొట్టు."

రస్బాన్ బేరింగ్‌ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "పెట్టె మీద అచ్చు బాగానే ఉందే."

"నకిలీవాడు ముందు నేర్చుకునేది అచ్చు వేయడమే."

మధ్యాహ్నం అన్నం దగ్గర పర్యోనో విన్నాడు. నా కొడుకు చిన్నప్పటి నుంచీ ముద్ద నోట్లో పెట్టుకునే ముందే మాట తేల్చేస్తాడు. ఊరికి నేను బు గురూ, టీచరమ్మని, వాడికి ఉత్త బు, అమ్మని.

"కంటి ఆపరేషన్ అయి ఏడు వారాలే కదా బు."

"రస్బాన్‌కి ఏ ఆపరేషనూ కాలేదు. వాడూ అదే చదివాడు."

"బ్రెబెస్ ఊళ్ళో పాత యంత్రాలు కొనే ఆయన మళ్ళీ ఫోన్ చేశాడు. లేత్ అమ్ముతారా అని."

"ఇవ్వం."

"మీకు డెబ్బై ఒకటి. నాన్న ఉన్నప్పుడు సరే. ఇప్పుడు ఆ షెడ్డులో ఒక్కరే. ఇంకొక షాఫ్ట్ వెనక్కి వస్తే?"

"రాదు."

"వస్తే?"

"వస్తే నువ్వు చెప్పినట్టే చేద్దాం."

అన్న మాట అన్నట్టే రాసి పెట్టుకున్నాను. రాదు కాబట్టి రాయడానికి భయమేమీ లేదు.

సెప్టెంబర్ 5, మంగళవారం

నా పనిలో తప్పు ఎక్కడ దూరగలదో మొదటి నుంచి చివరిదాకా చూసుకున్నాను.

లేత్‌ని ఖాళీగా పావుగంట తిప్పుతాను. చల్లటి యంత్రం ఒక కొలత, వేడెక్కిన యంత్రం ఒక కొలత ఇస్తాయి. ఇనుముని పట్టుకునే చక్ బిగించే తాళాన్ని చేతిలోంచి వదలను. చక్‌లో ఉంచి స్విచ్ వేసినవాడి పళ్ళు ఏమయ్యాయో మా స్కూల్లో అందరూ చూశారు. చేతికి గ్లౌజు వేసుకోను, చీర కొంగు నడుముకి బిగిస్తాను. టూల్ మొన ఎత్తు చూడటానికి, కడ్డీకీ మొనకీ మధ్య ఉక్కు స్కేలు ఒకటి మెల్లగా నొక్కుతాను. స్కేలు నిటారుగా నిలబడితే మొన సరిగ్గా మధ్యన ఉన్నట్టు. పైభాగం నా వైపు వాలితే మొన కిందగా, అవతలికి వాలితే ఎత్తుగా ఉన్నట్టు. మోటు కోతలో అర మిల్లీమీటరు మిగులుస్తాను. అక్కడ యంత్రం ఆపి, కడ్డీ చేతికి చల్లగా తగిలేదాకా పక్కన టీ తాగుతాను. వేడికి ఉబ్బిన ఇనుముని కొలిచినవాడు రేపటి ఇనుముని కొలవలేదు. చివరి కోత చల్లారాకే. మైక్రోమీటర్ మొహాలు పల్చటి కాగితంతో తుడిచి, వెనక చిన్న పిడిని మూడుసార్లు టక్కుమనిపిస్తాను. బలంతో బిగించను.

రోజూ పొద్దున పని మొదలెట్టే ముందు పెద్ద మైక్రోమీటర్‌ని ప్రమాణపు కడ్డీ మీద సరిచూస్తాను. సరిగ్గా ఇరవై అయిదు మిల్లీమీటర్ల కడ్డీ అది. నేను స్కూల్లో టీచరుగా చేరిన ఏడు మా ఆయన కొనిచ్చింది. దాని మీద 25.00 చూపిస్తేనే ఆ రోజు పని.

ఎక్కడా తప్పు లేదు.

సెప్టెంబర్ 8, శుక్రవారం

బజారులో వేరే కొట్లో నలభై బేరింగ్ ఒకటి కొన్నాను. 40.02. ఊరంతా నకిలీ సరుకే.

సెప్టెంబర్ 11, సోమవారం

పక్కింటి వాళ్ళ లారీలో సెమరాంగ్ నుంచి ఒకటి తెప్పించాను. మైనం కాగితం, పెట్టె, ముద్ర అన్నీ ఉన్నాయి. 40.02. సెమరాంగ్‌లోనూ ఇదే తంతు.

సెప్టెంబర్ 14, గురువారం

నా షాఫ్ట్ బిగించుకుని వెళ్ళిన హాజీ తర్ముది గారి పడవ నిన్న రేవుకి చేరింది. రస్బాన్ నన్ను మోటారు సైకిల్ మీద ఎక్కించుకుని తీసుకెళ్ళాడు.

వించ్ విప్పి పెట్టి ఉంది. బేరింగ్ లోపలి చుట్టు షాఫ్ట్ మీద జారి జారి దాన్ని నాకేసింది. నేను అద్దంలా తీర్చిన చోట నీలంగా కాలిన గాట్లు. వల సగం లాగాక వించ్ పట్టేసిందట. పడవ ఒక పక్కకి ఒరిగిందట. మనుషులు పడిపోకుండా వల తాళ్ళు కత్తులతో కోసి వదిలేశారట.

హాజీ నా వైపు చూడకుండా రస్బాన్‌తో అన్నాడు. "టీచరమ్మకి చెప్పు, మా మనుషులు సముద్రంలో ఈదుతూ ఇంటికి రారని."

"నాకే చెప్పండి, ఇక్కడే ఉన్నాను," అన్నాను.

"మీకు వినపడుతుందని నాకు తెలుసు బు. కనపడుతుందా అన్నదే సందేహం."

నేను వంగి షాఫ్ట్ చూశాను. బేరింగ్ చోట చుట్టూ సన్నటి చుక్కలు. ఎవరో పంచ్‌తో కొట్టి కొట్టి గుంటలు పెట్టారు, వాటి అంచులు లేచి బేరింగ్‌ని పట్టుకుంటాయని. పక్కన కూల్‌డ్రింక్ డబ్బా రేకు ముక్క కూడా చుట్టి ఉంది.

"ఈ చుక్కలెవరివి?"

రస్బాన్ తల గోక్కున్నాడు. "వదులుగా ఉంది కదా బు గురూ. పడవ ఆ సాయంత్రమే వెళ్ళాలన్నారు."

"వదులుగా ఉంటే నా దగ్గరికి తేవాలి. మశూచి వచ్చిన షాఫ్ట్ పడవలో పెట్టి పంపుతారా?"

"మీరు తప్పు ఒప్పుకోరని తేలేదు," అన్నాడు రస్బాన్, మెల్లగా.

రెండోది వెనక్కి వచ్చింది. ఇది రాస్తున్నాను. అయితే పంచ్ కొట్టిన షాఫ్ట్‌ని నాది అని లెక్కపెట్టనక్కర్లేదు.

పర్యోనో బ్రెబెస్ ఆయన వచ్చే 25న వస్తాడని మాత్రం చెప్పి లేచాడు.

సెప్టెంబర్ 15, శుక్రవారం

షెడ్డు తెరవలేదు. శుక్రవారం కాబట్టి.

సెప్టెంబర్ 16, శనివారం

ఇవాళ కూడా తెరవలేదు. శనివారం అని రాయబోయి ఆగాను.

సెప్టెంబర్ 17, ఆదివారం

వెనకింటి వర్నితి నీళ్ళ మోటారు షాఫ్ట్ అరిగిపోయిందని ఏడుపు మొహంతో వచ్చింది. ఇరవై మిల్లీమీటర్ల చిన్న షాఫ్ట్. కాదనలేక తెరిచాను.

చిన్న మైక్రోమీటర్‌తో కొలిచి 20.01 పెట్టాను. బేరింగ్ తెచ్చి పెడితే మొదట కూర్చోలేదు. కర్రదిమ్మె అడ్డం పెట్టి కొట్టాను. అయిదు దెబ్బలు. ఎలా ఎక్కాలో అలాగే ఎక్కింది. ఆ బేరింగ్ రంధ్రం కూడా కొలిచే ఉంచాను. 20.00. అదే బజారు, అదే కొట్టు.

వర్నితి వెళ్ళిపోయాక స్టూలు మీద కూర్చున్నాను. ఇరవై దగ్గర చక్కగా చూసే కన్ను నలభై దగ్గర గుడ్డిదవుతుందా? చిన్న బేరింగ్‌లు నిజాయితీగా చేసి పెద్దవాటికి మాత్రం, రెండు ఊళ్ళల్లో ముగ్గురు, సరిగ్గా ఒకే రెండు నూరోవంతులు మోసం చేస్తారా? నా విద్యార్థి ఎవడైనా ఇలాంటి మాట చెబితే బెంచీ ఎక్కించేదాన్ని. పదమూడు రోజులు నేనే చెప్పుకున్నాను.

చిన్న మైక్రోమీటర్ సున్నా నుంచి ఇరవై అయిదు దాకా కొలుస్తుంది. దాని మొహాలు రెండూ కలిపితే సున్నా దానికదే తెలిసిపోతుంది, కడ్డీ అక్కర్లేదు. పెద్దది మొదలయ్యేది ఇరవై అయిదు నుంచి. దానికి మాత్రమే కడ్డీ కావాలి. ఈ రెండూ కలిసే కొలత ఒక్కటే ఉంది. చిన్నదాన్ని పూర్తిగా తెరిచి ప్రమాణపు కడ్డీని అందులో పెట్టాను.

24.98.

తుడిచి మళ్ళీ పెట్టాను. తిప్పి పెట్టాను. ఏడు సార్లు. 24.98.

కడ్డీని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి భూతద్దంతో చూశాను. కొసల్లో మొహం కనపడేంత మెరుపు ఉండేది. ఇప్పుడు బూడిద రంగు. సన్నటి గుంటలు. ఏదో నాకేసినట్టు.

రోజూ పొద్దున, ఒక్క రోజు తప్పకుండా, నేను నా మైక్రోమీటర్‌ని తప్పు మీద సరిచూస్తున్నాను.

సెప్టెంబర్ 18, సోమవారం

తురసి పొద్దుటి బేరం ముగించుకుని పదింటికి వచ్చింది. నా కోడలు సందు చివర పిండి కూరిన టోఫు వేయించి అమ్ముతుంది. బుట్ట దింపకముందే పిలిచాను. కడ్డీ చూపించాను.

"ఇది ఏమయింది?"

"ఏమయింది బు? పెట్టెలోదే కదా."

"దీన్ని ఏం చేశావని అడుగుతున్నాను."

ఆమెకి వెంటనే అర్థం కాలేదు. తర్వాత మొహంలో రంగు మారింది. "కొత్త ఏడు సూరో నెల మొదటి రోజున, ఆనవాయితీ ప్రకారం కడిగాను. మీరు చెప్పారుగా, మామయ్యగారి పెట్టెలో ఇనుమంతా కడగమని. ముందు రోజు సాయంత్రమే నిమ్మరసంలో నానబెట్టాను. తాతగారి కెరిస్ కత్తి, ఆ రెండు ఉలులు, ఈ ముక్క. తెల్లారి బూడిదతో తోమి, మళ్ళీ నిమ్మరసం పోసి, ఆరబెట్టి, గంధపు నూనె రాసి, తెల్ల గుడ్డలో చుట్టాను. మల్లెపూలు కూడా పెట్టాను."

"రాత్రంతా నిమ్మరసంలో?"

"కత్తికి తుప్పు పోవాలంటే అంతేగా బు. మా పుట్టింట్లోనూ అంతే చేస్తారు."

పర్యోనో అప్పుడే లోపలికి వచ్చాడు. విన్నాడు. "కొలత కడ్డీని నిమ్మరసంలో వేశావా? నీకు మతి ఉందా? పడవలో మనుషులు చచ్చేవాళ్ళు."

"నాకెలా తెలుస్తుంది, అది కొలతదని?"

"తెలియకపోతే అడగొచ్చుగా. నోరు లేదా?"

తురసి నా వైపు చూసింది. ఒక్క క్షణమే. తర్వాత టోఫు బుట్ట తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. "నా తప్పే," అంది వెళ్తూ.

నేను కడ్డీని తుడిచి గుడ్డలో చుట్టాను.

నా కన్ను బాగుంది. నా చెయ్యి బాగుంది. తప్పు కడ్డీది, కడ్డీకి అలా చేసింది తురసి. బ్రెబెస్ ఆయన రానక్కర్లేదు. ఇది నేను గెలిచిన రోజు, రాసుకోవాలి.

సెప్టెంబర్ 19, మంగళవారం

జులై నోటుబుక్కు తీశాను. ఏ రోజు కడిగిందో తేదీ సరిచూసుకుందామని.

జులై 16, ఆదివారం. నా అక్షరాలే. "రేపు కంటి ఆపరేషన్‌కి సెమరాంగ్ ప్రయాణం. ఆయన పోయాక వచ్చే మొదటి సూరో. పెట్టెలో ఉన్న ఇనుమంతా కడగమని తురసికి చెప్పాను. ఏ ఒక్కటీ వదలొద్దని చెప్పాను. కత్తి కూడానా అని అడగబోయింది. ఒకసారి చెబితే చాలదా అన్నాను. ఊరుకుంది."

పెట్టెలో కడ్డీ పెట్టింది ఎవరు? నేనే. ఈ ఇంట్లో తేమ చేరని చోటు అదొక్కటేనని, పదకొండేళ్ళ కిందట.

జులై 24, సోమవారం. "డాక్టర్ రెండు వారాలు అన్నాడు, ఒక వారం విన్నాను. షెడ్డు తెరిచాను. కడ్డీ తెల్ల గుడ్డలో చుట్టి ఉంది. తురసి పెట్టె బాగా సర్దింది. పెద్ద మైక్రోమీటర్ కడ్డీ మీద రెండు గీతలు తక్కువ చూపింది. వాడక చెడిందేమో. దాని చిన్న తాళంతో 25.00కి సరిచేశాను. కొత్త కంటికి కడ్డీతో సహా అన్నీ వేరే రంగులో, కాస్త తెల్లగా కనిపిస్తున్నాయి. అలవాటవుతుంది."

మైక్రోమీటర్ నిజం చెప్పింది. నేను దాని నోరు మూయించాను. రెండు గీతల తేడా వస్తే ఇంకో పరికరంతో సరిచూడమని ఇరవై ఎనిమిదేళ్ళు పిల్లలకి చెప్పాను. ఆ రోజు చూడలేదు. బూడిద రంగుని నా కంటి ఖాతాలో వేశాను, అలవాటవుతుందని.

అడగబోయింది. ఊరుకుంది.

సెప్టెంబర్ 20, బుధవారం

తురసి టీ కుండ తెచ్చి పెట్టింది, కప్పులో పటికబెల్లం వేసింది, వెళ్ళిపోయింది. పటికబెల్లం పూర్తిగా కరిగేదాకా చూస్తూ కూర్చున్నాను. చల్లారిన టీ తాగాను.

సెప్టెంబర్ 21, గురువారం

జులై 24 నుంచి ఇరవై అయిదు మిల్లీమీటర్లు దాటిన షాఫ్ట్‌లు తొమ్మిది చేశాను. రెండు వెనక్కి వచ్చాయి. నాలుగు రేవులో ఉన్న పడవల్లో ఉన్నాయి. మూడు సముద్రం మీద ఉన్నాయి. ఏ పడవ, ఏ తేదీ, ఏ కొలత, అన్నీ కాగితం మీద రాశాను.

అన్నం దగ్గర ఇద్దరినీ కూర్చోబెట్టి జులై పేజీ చదివాను. ఒక్క మాట వదలకుండా. పర్యోనో అన్నం కలపడం ఆపేశాడు. తురసి తలెత్తలేదు.

"నువ్వు మొన్న అరిచింది నా మీద అరవాలి," అన్నాను కొడుకుతో. "ఇప్పుడు అరిచెయ్యి."

వాడు అరవలేదు. అది ఇంకా కష్టంగా ఉంది. పళ్ళెం పక్కకి జరిపి అన్నాడు. "సరే బు. ఇక్కడితో ఆపేద్దాం. ఎవరికీ చెప్పొద్దు. పడవలు ఒకటొకటీ వచ్చినప్పుడు రస్బాన్‌తో మాట్లాడి మెల్లగా మార్పించేద్దాం. లేత్ ఇచ్చేద్దాం. మీ పేరు నిలబడుతుంది."

"నా పేరు నిలబడి, వాళ్ళ వల మళ్ళీ పడిపోతే?"

"మీరు మాటిచ్చారు. ఇంకొకటి వెనక్కి వస్తే నేను చెప్పినట్టే అన్నారు."

"అన్నాను. ఆ మాట తప్పుతున్నాను. అది కూడా రాసిపెడతాను."

రాశాను.

రేవుకి నడిచే వెళ్ళాను. రస్బాన్ షెడ్డు ముందు పడవల వాళ్ళు ఐదారుగురు సిగరెట్లు కాలుస్తూ ఉన్నారు. హాజీ తర్ముది కూడా ఉన్నాడు. కాగితం రస్బాన్‌కి ఇచ్చాను.

"ఇవి తొమ్మిదీ రెండు నూరోవంతులు సన్నం. నా కొలత కడ్డీ పాడైంది. పాడవడానికి కారణం నేను. సముద్రం మీద ఉన్న మూడు పడవలకీ ఇప్పుడే ఫోన్ చేయించు. వించ్ మీద సగం బరువే వేయమను. బేరింగ్ డబ్బా మీద చెయ్యి పెట్టి చూడమను. చెయ్యి కాలితే ఆపమను. తొమ్మిదీ మళ్ళీ చేసి ఇస్తాను."

రస్బాన్ కాగితం చదివాడు. "బేరింగ్‌లు నకిలీ కావన్నమాట."

"కావు."

"కొట్టువాడి మొహాన కొట్టమన్నారే. కొట్టి వచ్చాను."

"వెళ్ళి క్షమాపణ చెప్పు. నేను పంపానని చెప్పు."

"నా పంచ్ చుక్కలకి కూడా క్షమాపణ చెప్పమంటారా?"

"నీ చుక్కలు చుక్కలే. అవి తప్పే. అందులో మార్పు లేదు."

ఎవరో నవ్వారు. హాజీ నవ్వలేదు. "టీచరమ్మా, మీరు చెప్పడం బాగుంది. అయినా నా కొత్త షాఫ్ట్ మాత్రం తలాంగ్‌లో చేయించుకుంటాను. మా వాళ్ళు ఇక మీ షాఫ్ట్ చూస్తే పడవ ఎక్కరు."

"మీ ఇష్టం. ఎక్కడ చేయించినా బేరింగ్ చేత్తో ఎక్కితే మాత్రం తీసుకోకండి."

ఇంకొకాయన కూడా వెళ్ళిపోయాడు. ఇద్దరు పోయారు. మిగిలినవాళ్ళు ఫోన్లు తీశారు.

సెప్టెంబర్ 22, శుక్రవారం

శుక్రవారమే. తెరిచాను.

నేను పాఠాలు చెప్పిన స్కూలుకి వెళ్ళి ప్రమాణపు దిమ్మె ఒకటి అరువు తెచ్చుకున్నాను. సంతకం పెట్టి. పెద్ద మైక్రోమీటర్‌ని సరిచేశాను. పాత కడ్డీ మీద సున్నితపు ఉలితో 24.98 అని చెక్కించాలనుకున్నాను. తర్వాత వద్దనుకున్నాను.

పర్యోనో పొద్దున షెడ్డు గుమ్మంలో నిలబడ్డాడు. "కడ్డీ పాడైంది, సరే. కానీ బు, ఆ రోజు కడ్డీ రంగు మారిందని మీ కళ్ళే చూశాయి. చూసి, కొత్త కన్ను కదా అని వదిలేశారు. రేపు ఇంకోటి వదిలేస్తారు. 25న ఆయన వస్తాడు. నేను రావద్దని చెప్పను."

నేను లేత్‌ని ఖాళీగా తిప్పడం మొదలెట్టాను.

మధ్యాహ్నం తురసిని పిలిచాను. "షెడ్డులోకి రా. మైక్రోమీటర్ చదవడం చెబుతాను."

"నాకెందుకు బు? నాకు ఇనుము వాసన పడదు. కళ్ళు తిరుగుతాయి."

"టోఫు నూనె వాసన పడుతోందిగా."

"అది నా నూనె."

చేతులు కొంగుకి తుడుచుకుని అంది, "ఒక షరతు. రెండోసారి అడిగితే మీరు కసరకూడదు. మూడోసారి అడిగినా."

ఒప్పుకున్నాను. తేదీ వేసి ఒప్పుకున్నాను.

సెప్టెంబర్ 23, శనివారం

తురసి ఒకే గీత గురించి పదకొండు సార్లు అడిగింది. నేను ఒక్కసారి కసిరాను. ఆమె నోటుబుక్కు వైపు వేలు చూపించింది. ఊరుకున్నాను.

మైక్రోమీటర్ ఇంట్లోకి తీసుకెళ్ళి టోఫు ముక్కలు కొలిచింది. తన ముక్కలు 18.20 నుంచి 19.65 దాకా ఉన్నాయని, ఇది సిగ్గుచేటని అంది. మైక్రోమీటర్‌ని పిండితో ఇంకెప్పుడూ ముట్టుకోవద్దని చెప్పాను. ఎందుకని అడిగింది. చెప్పాను.

సెప్టెంబర్ 24, ఆదివారం

మొదటి కొత్త షాఫ్ట్. సాయంత్రం నాలుగున్నర, వెలుతురు పడమటి కిటికీలోంచి. చివరి కోత అయింది, చల్లారింది, కొలిచాను. 40.02. రెండు గీతలు దాటింది, ఒకటి తీయాలి, అన్నాను. ఇనుము అరగదీసే ఎమరీ గుడ్డ పట్టీ చేతిలోకి తీసుకున్నాను.

తురసి టీ పట్టుకుని నిలబడి ఉంది. "బు, ఒకటి అడగనా?"

"అడుగు."

"గీత ఒకటే దాటిందిగా. మీరు రెండు అన్నారు."

"రెండే."

"ఇంకోసారి అడుగుతున్నా. మీరు మెడ ఈ పక్కకి వంచి చూస్తున్నారు. నిటారుగా చూడండి."

భూతద్దం తీశాను. నిటారుగా చూశాను. కుడి కన్ను మూసి చూశాను, 40.02. ఎడమ కన్ను మూసి చూశాను. 40.01.

ఆ నూరోవంతు తీసేసి ఉంటే 40.00 అయ్యేది. బేరింగ్ చేత్తో ఎక్కేది. మూడోది వెనక్కి వచ్చేది, ఈసారి ఏ కడ్డీ మీదా వేయడానికి ఉండేది కాదు.

ఆపరేషన్ అయిన ఎడమ కంటికి సాయంత్రపు వెలుతురులో గీత ఒకటి పక్కకి జరుగుతోంది. పర్యోనో అన్నది నిజం. నేను అన్నదీ నిజం. రెండూ ఇక్కడ రాస్తున్నాను, నాకే చూపించుకోవడానికి.

కోత చేతిది. చేతిలో వణుకు లేదు, టూల్ ఎత్తు తెలుసు, ఇనుము ఎప్పుడు కేక పెట్టబోతోందో చెవికి తెలుసు. గీత మాత్రం ఇకమీదట నా ఒక్కదాని కంటికి వదలను. దానికోసం యంత్రం అమ్మను. కన్ను అరువు తెచ్చుకుంటాను, దిమ్మె తెచ్చుకున్నట్టే.

తురసికి చెప్పాను. ఆలోచించి అంది, "పొద్దున పదింటి తర్వాతే వస్తాను. బేరం మానను."

"మానమని ఎవరన్నారు?"

"మీరు అనేవారే, షరతు లేకపోతే."

సెప్టెంబర్ 25, సోమవారం

బ్రెబెస్ ఆయన పదకొండింటికి వచ్చాడు. ఇద్దరు మనుషులు, ఒక టేపు, గొలుసులు. మనిషి మర్యాదస్తుడే. చెప్పులు బయట విడిచాడు. పర్యోనో వెనకే వచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

రెండో షాఫ్ట్ చక్‌లో ఉంది. నేను స్విచ్ ఆపాను. తురసి మోచేతి దాకా పిండి కడుక్కుని, మైక్రోమీటర్ మొహాలు కాగితంతో తుడుస్తోంది.

"చక్కెర మిల్లు వేలంలో కొన్నదట కదా బు," అన్నాడు ఆయన, లేత్ కింది ఇనప పట్టాల్ని ప్రేమగా చేత్తో తడుముతూ. "ఇంత చక్కగా ఎవరు నునుపు చేశారు?"

"నేనూ, మా ఆయనా. చేత్తో, ఎనిమిది నెలలు."

"యంత్రం ఖాళీగా పడుందని విన్నాను."

"ఎవరన్నారు?"

పర్యోనో టేపు వైపు చూశాడు.

"ఖాళీ లేదండీ," అన్నాను. "ఇంకా ఆరు షాఫ్ట్‌లు బాకీ. ఇద్దరం పని చేస్తున్నాం."

"ఇద్దరా?" ఆయన తురసి వైపు తిరిగాడు.

తురసి తలెత్తలేదు. "కాస్త పక్కకి జరగండి, వెలుతురు అడ్డం వస్తున్నారు," అంది ఆయనతో. ఆయన జరిగాడు. ఆయన మనుషులిద్దరూ జరిగారు. పర్యోనో కూడా, గోడ వదిలి, కిటికీకి అడ్డం లేకుండా జరిగాడు.

ఆమె మైక్రోమీటర్ పెట్టింది. పిడి మూడుసార్లు టక్కుమంది. నిటారుగా చూసింది. మళ్ళీ చూసింది.

"నలభై పాయింట్ సున్నా మూడు. ఇంకా రెండు తీయాలి బు."

స్విచ్ వేశాను. ఎమరీ పట్టీ వేళ్ళకి చుట్టుకోకుండా, రెండు కొసలూ రెండు చేతుల్లో పట్టుకుని, ఆ రెండూ తీశాను.